చనిపోయినాయన సంతకం

గురువారం ఉదయం గుమాస్తా వచ్చి మూడో కిటికీ తలుపు పైకెత్తేసరికి అవతలి దిమ్మె మీద పూలున్నాయి. దారంతో కట్టినవి కొన్ని, కాగితంలో చుట్టినవి కొన్ని, ఎవరో తొట్టితో సహా తెచ్చిపెట్టిన మొక్క ఒకటి. వాటి వెనక ముప్ఫై మంది దాకా జనం. జనన మరణాల నమోదు కార్యాలయానికి సరదాకి ఎవరూ రారు. వచ్చే నలుగురైదుగురూ చేతిలో కాగితాలు చెమటకి తడుస్తుంటే బిక్కమొహాలతో నిలబడతారు. వీళ్లు మాత్రం పెళ్లివారిలా కిలకిలలాడుతూ నిలబడ్డారు.

“తెరిచాడు, తెరిచాడు,” అన్నారెవరో వెనక నుంచి.

గుమాస్తా ఎవరి వంకా చూడలేదు. స్పాంజి తడుపుకున్నాడు. గుండుసూదుల డబ్బా కుడివైపుకి జరుపుకున్నాడు. తేదీ ముద్ర మీది చక్రాన్ని గోటితో ఒక అంకె ముందుకి తిప్పి, చిత్తుకాగితం మీద కొట్టి చూసుకున్నాడు. అప్పుడు తలెత్తి, “ఆ పూలు తియ్యండి. తడికి దరఖాస్తులు పాడవుతాయి,” అన్నాడు.

జనం గొల్లున నవ్వారు.

ఆయన నోటివెంట ఏది వచ్చినా అంతే. “ఒక నకలు చాలదు, రెండు కావాలి” అంటే నవ్వుతారు. “ఇంటిపేరు ముందు రాయండి” అంటే నవ్వుతారు. “భోజనానికి వెళ్తున్నాను” అన్నా నవ్వుతారు. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస.

ముందున్నవాడు బస్సు కండక్టరు. డ్యూటీకి పోతూ పోతూ వచ్చినట్టున్నాడు, భుజాన టికెట్ల సంచీ ఉంది. “అయ్యా, ఏమీ అనుకోకండి. మొన్న మా తుంటరి పోయాడు కదా. పూలు ఎక్కడ పెట్టాలో మాకు తోచలేదు. వాడికి విగ్రహమా పాడా? అందుకని ఇక్కడికొచ్చాం.”

“దరఖాస్తు తెచ్చారా?”

మళ్లీ గొల్లుమన్నారు. ఈసారి కళ్లు తుడుచుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అవి ఏ కన్నీళ్లో చెప్పడం కష్టం.

తుంటరి అంటే ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. పాతికేళ్లపాటు వేదిక మీద ఒక్కడే మైకు పట్టుకుని నిలబడి జనం పొట్టలు చెక్కలు చేశాడు. మంత్రుల్నీ డాక్టర్లనీ దేవుణ్ణీ తన బట్టతలనీ, దేన్నీ వదల్లేదు. “మనిషి పుట్టగానే ఎందుకేడుస్తాడు? బర్త్ సర్టిఫికెట్ క్యూ కనిపించి!” అనేవాడు. వాటన్నిట్లోకీ పేరుమోసింది ఈ గుమాస్తా మీద కట్టిన ‘మూడో కిటికీ’. స్కూలుపిల్లలకి ఎక్కాలు రాకపోయినా అది వచ్చు. ఇప్పుడు కూడా గుమాస్తా కళ్లెదుటే కండక్టరూ, వెనకున్న లావుపాటి నర్సమ్మా అందుకున్నారు.

“ఇక్కడ ఎవరు సంతకం పెట్టాలండీ?” అంది నర్సు.

“చనిపోయినాయన,” అన్నాడు కండక్టరు ముక్కుతో.

“ఆయన రాలేరండీ.”

“ఏం?”

“చనిపోయారు.”

“సర్టిఫికెట్ ఉందా?”

“దానికోసమే వచ్చానండీ.”

“సర్టిఫికెట్ లేకుండా చనిపోయినట్టు ఎలా అవుతుంది? రమ్మనండి!”

చివరి మాట ముప్ఫైమందీ కలిసి అన్నారు. లోపల రెండో కిటికీ టైపిస్టు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సూపరింటెండెంటు గదిలోంచి కూడా ఒక దగ్గు వినిపించింది. అది దగ్గు కాదని గుమాస్తాకి తెలుసు.

ఆయన గొంతు ముక్కుతో మాట్లాడే గొంతు కాదు. ఖంగున మోగే గొంతు. ఆ సంగతి ఆయన భార్యకీ ఆయనకీ తప్ప ఊళ్లో ఎవరికీ అక్కర్లేదు. ఆయన మొక్క తొట్టిని రెండు చేతులా ఎత్తి పక్కన కిందపెట్టి, “తర్వాత,” అన్నాడు.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భార్య వంటింట్లో గుమ్మానికి వీపు పెట్టి కూరగాయలు తరుగుతోంది. చెవుల్లో వైర్లు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తోందేమోనని కంగారుపడి గుమాస్తా భుజమ్మీద చెయ్యేశాడు. ఆవిడ ఉలిక్కిపడి తిరిగింది. వైరు ఊడి చేతిలోకొచ్చింది. అలమరలో ఉన్న ఫోను వంటిల్లంతా మోగిపోయేలా, “రమ్మనండి!” అంది.

ఆవిడ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

“ఎన్నాళ్లుగా వింటున్నావు వాణ్ణి?” అన్నాడాయన.

“అప్పుడప్పుడూ.”

“అప్పుడప్పుడూ అంటే?”

“పెళ్లైన నాలుగో ఏడు నుంచీ,” అంది ఆవిడ ఫోను నొక్కేస్తూ. “మిమ్మల్ని అన్నది తప్పితే మిగతావన్నీ బాగుంటాయండీ. సరే, మిమ్మల్ని అన్నది కూడా బాగుంటుంది. ఏం చెయ్యమంటారు మరి? పోయాడు కదా పాపం, ఒకసారి విందామని...”

గుమాస్తా ముక్కాలి పీట మీద కూర్చుని బూట్ల ముడి విప్పడం మొదలుపెట్టాడు. ఒక బూటు విప్పి రెండోది విప్పకుండా ఆగాడు.

“అది నా మాట,” అన్నాడు.

“ఏది?”

“చనిపోయినాయన సంతకం పెట్టాలన్నది. వాడు పుట్టించింది కాదు. నేనన్నాను. కావాలనే అన్నాను. నవ్వించడానికి.”

ఆవిడ చేతిలో కత్తి ఆగింది. “మీరా?”

“నేనే.”

“నవ్వించడానికా?”

ఆవిడ కత్తి పక్కన పెట్టేసి, గోడకి ఆనుకుని, ఇందాకటికంటే ఎక్కువ నవ్వింది. ఆయన ఓపిగ్గా ఆగాడు. ఇరవై రెండేళ్లు ఆగినవాడికి ఇదొక లెక్కా!

“వానాకాలం. మంగళవారం,” అన్నాడు ఆవిడ తెరిపిన పడ్డాక. “వాడెవరో అప్పటికి నాకు తెలీదు. వాళ్ల నాన్న పోయి మూడో రోజట. ఫారంలో తండ్రి పేరు రాయడానికి చెయ్యి ఆడటం లేదు. మూడు ఫారాలు పాడుచేశాడు. నాలుగోది నేనే రాసిపెట్టాను. ఆఖర్న, ఇక్కడ ఎవరు సంతకం పెట్టాలండీ అన్నాడు. ఆ మొహం చూసి... ఏదో ఒకటి అనకపోతే కిటికీ ముందే కూలబడేలా ఉన్నాడు. అన్నాను. తెల్లబోయాడు. ఆయన రాలేరండీ అన్నాడు. సర్టిఫికెట్ ఉందా అన్నాను. అప్పుడు నవ్వాడు చూడు! దిమ్మె పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. రెండు నెలలు తిరక్కుండా ఊరంతా నన్ను చూసి నవ్వింది.”

“మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?”

“చెబితే నమ్ముతారా? నువ్వు నమ్ముతున్నావా?”

ఆవిడ అబద్ధం ఆడలేదు. కాసేపు ఆయన మొహంలోకి చూసింది. “మీరు చెప్పారు కాబట్టి నమ్మాలి. కానీ ఏవండీ, ఇరవై ఆరేళ్లలో నాతో ఒక్కటంటే ఒక్క జోకు వెయ్యలేదు మీరు.”

“వేస్తే ఏమవుతుందో చూశాక ఇంకేం వేస్తాను? నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా.”

“మరి అంతకు ముందు నాలుగేళ్లూ?”

“అప్పుడు మీ అమ్మ మనింట్లో ఉండేది,” అన్నాడు గుమాస్తా, రెండో బూటు విప్పుతూ.

ఆవిడ అనుమానంగా ఆయన వంక చూసింది. ఆయన మొహంలో ఏమీ లేదు. మేజోళ్లు దులుపుకుంటున్నాడు.

*

శుక్రవారం పదిన్నరకి తుంటరి అక్క వచ్చింది.

అరవై దాటిన మనిషి. దర్జీపని. మెళ్లో కొలతల టేపు తియ్యడం మరిచిపోయి అలాగే వచ్చేసింది. ఆవిణ్ణి చూడగానే క్యూ దారిచ్చింది. పూలతో వచ్చినవాళ్లు గోడవారగా సర్దుకున్నారు. తమ్ముడి మరణ ధ్రువపత్రం కోసం అక్కగారు మూడో కిటికీ ముందు నిలబడింది. ఏం జరుగుతుందో చూడకుండా ఇంటికి పోయేవాడెవడు? కండక్టరు ఆ వేళ సెలవు కూడా పెట్టాడు.

గుమాస్తా దరఖాస్తు తీసుకున్నాడు. ఆసుపత్రి వారి చీటీ దాని పక్కన పెట్టి, కలం మొన ఒక్కో అక్షరం కింద ఆనిస్తూ చదివాడు. వయసు సరిపోయింది. తేదీ సరిపోయింది. పేరు దగ్గర కలం ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది.

“ఇది కుదరదు,” అన్నాడు.

చప్పట్లు కొట్టారు జనం. ఈలలు కూడా వేశారు. అక్కగారు మాత్రం నవ్వలేదు.

“దరఖాస్తులో అసలు పేరుంది. ఆసుపత్రి చీటీలో ‘తుంటరి’ అని ఉంది,” అన్నాడాయన గొంతు తగ్గించి.

“రాసినవాడు కూడా మావాడి అభిమానేనండీ. ఏడుస్తూ రాశాడు. నేనూ చూసుకోలేదు.” ఆవిడ దిమ్మె అంచు పట్టుకుంది. “మళ్లీ వెళ్లాలా?”

వెళ్లాలి. ఆసుపత్రిలో రికార్డుల గది పన్నెండింటికి మూసేస్తారు. అది ఏ అంతస్తులో ఉందో గోడ మీద రాసింది తప్పు. వెతుక్కునేసరికి తలుపు మూసి ఉంటుంది, మళ్లీ సోమవారమే. ఎంతమందిని అలా పంపించాడో, వాళ్లు ఎలా తిరిగొచ్చారో ఆయనకి తెలుసు. గుమాస్తా గోడగడియారం చూశాడు. కలానికి మూత పెట్టాడు. లేచి లోపలికి వెళ్లి సూపరింటెండెంటుతో ఏదో అన్నాడు. కాసేపటికి పక్క తలుపు తీసుకుని బయటికొచ్చాడు.

జనం నోళ్లు తెరిచారు. అన్నేళ్లలో ఆయన్ని గుండెల కిందికి చూసినవాళ్లు లేరు.

“ఓర్నాయనో, మూడో కిటికీకి కాళ్లున్నాయి!” అన్నాడు కండక్టరు.

“రండమ్మా,” అన్నాడు గుమాస్తా. “ఆసుపత్రి రెండు వీధుల అవతలే.”

వెనక, కుర్చీలోకి వచ్చి కూర్చున్న సూపరింటెండెంటు తేదీ ముద్ర ఎటు తిప్పాలో తెలియక టైపిస్టుని అడుగుతున్నాడు.

రికార్డుల గదిలో మనిషి గుమాస్తాని చూడగానే, “అరె, మీరు మూడో...” అన్నాడు. “అవును. పేరు సరిచెయ్యి,” అన్నాడు గుమాస్తా. కొత్త చీటీ తయారవడానికి పావుగంట పడుతుందన్నారు. ఇద్దరూ బయట బల్ల మీద కూర్చున్నారు.

“ఆ వేళ వాడు ఇంటికి నవ్వుతూ వచ్చాడండీ,” అంది అక్కగారు ఉన్నట్టుండి. “నాన్న పోయి మూడో రోజు. మా అమ్మకి ఒళ్లు మండిపోయింది. చేతిలో చెంబుంటే ఎత్తింది. వాడు గుమ్మంలోనే నిలబడి, కిటికీలో ఆయన ఇలా అన్నాడమ్మా అని మీ మాట చెప్పాడు. అమ్మ చెంబు అలాగే పట్టుకుని ఉండిపోయింది. తర్వాత... చెప్పకూడదు గానీ, మా ముగ్గురి నవ్వులకీ పక్కింటివాళ్లు తలుపు కొట్టారు, ఇంకెవరికైనా ఏమైనా అయిందా అని.”

గుమాస్తా ఆవిడ వైపు తిరిగాడు. “నేనన్నానని చెప్పాడా?”

“భలే మనిషక్కా ఆయన, అన్నాడు.”

ఈ మాట కోసం ఇన్నేళ్లూ ఎదురు చూశాడు కాబోలు, తీరా విన్నాక ఆయనకి కోపం వచ్చింది. “భలే మనిషైతే మరి ముక్కుతో ఎందుకు మాట్లాడించాడు నన్ను? నా మాట తీసుకుని నన్నే వెర్రిబాగులవాణ్ణి చేశాడు. నా గొంతు అలా ఉంటుందా? మీరే చెప్పండి, ఉంటుందా?”

“ఉండదు,” అంది అక్కగారు. “అది మా నాన్న గొంతండీ.”

గుమాస్తా గది తలుపు వైపు చూశాడు. లోపల ఎవరో కాగితాలు సర్దుతున్నారు.

“ఆయన అచ్చు అలాగే మాట్లాడేవారు. ప్రతి ఆటలోనూ పది నిమిషాలు ఆయన గొంతు వినిపించేది. అమ్మ దానికోసమే వెళ్లి ముందు వరసలో కూర్చునేది. మీ పేరు పెట్టి మా నాన్నని బతికించుకున్నాడు వాడు. మిమ్మల్ని అడిగి చేసి ఉండాల్సింది. అడగలేదు. ఎవరి దగ్గర ఏది పట్టుకుపోయినా చెప్పే అలవాటు లేదు వాడికి. నా గొడుగు పట్టుకుపోయి తొమ్మిదేళ్లయింది.” టేపు మెళ్లో ఉన్నట్టు అప్పుడు చూసుకుని, తీసి చుట్ట చుట్టుకుంది. “ఆదివారం పొద్దున సభ పెడుతున్నారు. రండి. వచ్చి తిట్టండి.”

“సంతాప సభలో తిట్టడమేమిటమ్మా?”

“వాడు చెప్పి పోయాడు. ఒక్క నిమిషం మౌనం పాటించారంటే నా ఆట పేలని రోజులన్నీ గుర్తొస్తాయి, ఆ పని మాత్రం చెయ్యకండి, అని. అందరూ తలో నాలుగూ తిట్టాలట. మీకంటే హక్కున్నవాళ్లెవరు?”

పన్నెండింటికల్లా ఇద్దరూ తిరిగొచ్చారు. గుమాస్తా సూపరింటెండెంటుని లేపి, ముద్ర సరిచేసుకుని, పెద్ద రిజిస్టరు తెరిచాడు. తుంటరి అసలు పేరు గుండ్రటి అక్షరాలతో రాశాడు. ధ్రువపత్రం మీద ముద్ర వేసి, రిజిస్టరుని ఆవిడ వైపు తిప్పాడు.

అక్కగారు కళ్లజోడు పెట్టుకుని వెతుక్కుంది. “ఇక్కడ ఎవరు సంతకం పెట్టాలండీ?” అంది, ఏ కల్మషమూ లేకుండా.

క్యూలో గాలి ఆగిపోయింది. నర్సమ్మ కండక్టరు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

గుమాస్తా ఆవిడ వంక చూశాడు. “మీరేనమ్మా,” అని, వేలితో చోటు చూపించాడు.

“ఛ!” అన్నాడు కండక్టరు.

*

ఆదివారం పొద్దున హాలు కిటకిటలాడింది. వేదిక మీద బల్లలూ కుర్చీలూ లేవు, పటం లేదు. మధ్యలో మైకు ఒక్కటే ఉంది. ఒక్కొక్కరే వెళ్లి తిట్టి వస్తున్నారు.

“టికెట్ ఏదిరా అంటే, నేను దిగిపోయాననుకో అనేవాడు. దిగేవాడా? చివరి స్టాపు దాకా నా సీట్లో కూర్చుని నామీదే జోకులు!” అన్నాడు కండక్టరు.

“ఉన్నవి పదకొండు వెంట్రుకలు. వాటిని ఎలా కత్తిరించాలో నలభై నిమిషాలు సలహాలు చెప్పేవాడు,” అన్నాడు మంగలి.

“సూది గుచ్చుతుంటే నా చెవిలో జోకు చెప్పాడు. గుచ్చాల్సిన చోట గుచ్చలేదు నేను. తప్పెవరిది?” అంది నర్సమ్మ.

గుమాస్తా మూడో వరసలో భార్య పక్కన ఇస్త్రీ చొక్కాలో బిగదీసుకుని కూర్చున్నాడు. జేబులో ఫిర్యాదు ఉంది. శనివారమంతా కూర్చుని రాసింది. పిలుపు వచ్చేముందు దాన్ని ఒడిలో పరిచి, మూడో అంశాన్ని, అదే ముక్కు సంగతిని, రూళ్లకర్ర పెట్టి గీసినంత తిన్నగా కొట్టేశాడు.

“మూడో కిటికీ!” అని అరిచారు. హాలంతా లేచి నిలబడింది.

ఆయన మైకు ముందుకెళ్లి కాగితం విప్పాడు. గొంతు సవరించుకుని చదివాడు.

“విషయం: నా మాటను నా అనుమతి లేకుండా ఇరవై రెండు సంవత్సరములు వాడుకొనుట గురించి.”

నవ్వులు మొదలయ్యాయి.

“సూచిక: వానాకాలము నాటి ఒక మంగళవారము.”

హాలు ఊగిపోయింది. గుమాస్తా కాగితం అంచులు గట్టిగా పట్టుకున్నాడు. చెవులు వేడెక్కాయి. మళ్లీ అదే, ఎక్కడికొచ్చినా అదే అనుకున్నాడు. దిగిపోదామని ఒక అడుగు వెనక్కి వేసి, మూడో వరస వైపు చూశాడు. భార్య కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. నవ్వుతూనే, ఆగిపోయారేం, కానివ్వండి అన్నట్టు చేత్తో సైగ చేసింది. అలా ఆవిడ ఎప్పుడూ ఆయన వైపు చూడలేదు.

ఆయన మైకు దగ్గరికి జరిగాడు.

“అంశము ఒకటి. ‘చనిపోయినాయన సంతకం పెట్టాలి’ అను మాట కీర్తిశేషులది కాదు. నాది.”

పొర్లి పొర్లి నవ్వారు. కండక్టరు ముందు కుర్చీ వీపు మీద తల కొట్టుకుంటున్నాడు.

“నిజం,” అన్నాడు గుమాస్తా. ఇంకా నవ్వారు.

ముందు వరసలోంచి అక్కగారు లేచి వెనక్కి తిరిగింది. “అబద్ధం కాదండీ, ఆయన చెప్పేది నిజం! ఆ మాట ఆయనదే!” అని అరిచింది. ఆవిడ కూడా కలిసి ఆడుతోందనుకుని ఈలలు వేశారు. అక్కగారు రెండు చేతులూ గాల్లోకెత్తి, మీ ఖర్మ అన్నట్టు దించి కూర్చుండిపోయింది.

గుమాస్తాకి ఇప్పుడు చెవులు వేడెక్కలేదు. ఆ ఎదురుగా ఊగుతున్న తలల్ని చూస్తున్నాడు. తను ఆగితే అవి ఆగుతున్నాయి. తను నోరు తెరవబోతే ముందే అదురుతున్నాయి. ఆ మంగళవారం నాడు కిటికీ అవతల ఒక్కడు నవ్విన నవ్వే ఇది, ఇంతమందికి పెరిగి వచ్చింది. ఇన్నాళ్లూ తనని చూసి నవ్వారు. ఇప్పుడు తను చెబుతుంటే నవ్వుతున్నారు. ఎంత దగ్గరి మాటలు రెండూ, ఎంత దూరం!

తొందరపడలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. జేబులో పెట్టుకున్నాడు. హాలు పూర్తిగా సద్దుమణిగేదాకా ఆగాడు.

“సరే, మీరు నమ్మరు,” అన్నాడు తన సొంత గొంతుతో, ఖంగుమంటూ. “సాక్షి సంతకం కావాలంటారు. రమ్మనండి.”

ముందు వరసల్లో తలలు ఒకదానివైపు ఒకటి తిరిగాయి. తర్వాత హాలు పేలింది. ఆ నవ్వులో ఏడుపు కూడా కలిసింది. అక్కగారు మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. కండక్టరు లేచి, పైకప్పు వైపు చూస్తూ, “రారా! వచ్చి సంతకం పెట్టు!” అని అరిచాడు. అతని వెనక వందమంది అరిచారు. గుమాస్తా చేతులు వెనక్కి కట్టుకుని, అందరూ అరవడం పూర్తయ్యేదాకా నిలబడ్డాడు. తర్వాత మైకుకి కొద్దిగా తల వంచి, మెట్లు దిగి వచ్చాడు.

*

మధ్యాహ్నపు బస్సులో జనం పల్చగా ఉన్నారు. భార్యాభర్తలు వెనక సీట్లో కూర్చున్నారు. రెండు స్టాపులు దాటేదాకా ఆవిడ కిటికీలోంచే చూసింది.

“నిజంగానే మీదన్నమాట,” అంది చివరికి.

“మొన్ననే చెప్పాను కదా.”

“మొన్న నమ్మలేదు.” కాస్త ఆగి, “మా అమ్మ గురించి అన్నది కూడా జోకేనా?” అంది.

“కొంత.”

ఆవిడ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. తర్వాత ఇటు తిరిగి, సీట్లో కాళ్లు సర్దుకుని కూర్చుంది. “ఇంకేమైనా ఉన్నాయా?”

“ఏమిటి?”

“లోపల దాచిపెట్టినవి.”

గుమాస్తా ఆలోచించాడు. ఇరవై రెండేళ్లలో కిటికీ అవతలికి ఎంతమంది వచ్చారో, ఏమేం అడిగారో, వాళ్లకి ఇవ్వకుండా నాలిక చివర ఆపుకున్న జవాబులు ఎన్నో!

“ఒకసారి ఒకాయన కవలలకి ఒకటే సర్టిఫికెట్ చాలన్నాడు,” అంటూ మొదలుపెట్టాడు.

ఆవిడ నవ్వుకి ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు. ఆయన రెండోది ఎత్తుకున్నాడు. అది సగంలో ఉండగా వాళ్లు దిగాల్సిన స్టాపు వచ్చింది. బస్సు ఆగింది, ఇద్దరు దిగారు, ముగ్గురు ఎక్కారు. గుమాస్తా చూశాడు. ఆవిడ చూడలేదు, ఆయన నోటివంకే చూస్తోంది. ఆయన లేవకుండా కథ కొనసాగించాడు. బస్సు కదిలింది.